ఉపాధ్యాయుల వేతనములు: తీరని బాకీ

పాఠశాలల సంస్కరణ మను మాట మన రాష్ట్రమున 2019వ సంవత్సరమునుండి ఎడతెగక వినబడుచున్నది. బడిగోడలకు రంగులు పడినవి, బల్లలు వచ్చినవి, ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది, ఎనిమిదవ తరగతి పిల్లల చేతికి టాబులు వచ్చినవి. వేయి పాఠశాలలు కేంద్రబోర్డు పరీక్షలకు మారి, 2024లో మరల రాష్ట్రబోర్డునకే తిరిగి వచ్చినవి. 2022లో ఒక యుత్తరువుచేత రెండుగా చీలిన ప్రాథమిక పాఠశాల 2025లో మఱికొన్ని యుత్తరువులచేత మరల అతుకబడినది. ఇన్ని రాకపోకల నడుమ ఒక్క సంగతిమాత్రము కదలక నిలిచియున్నది: ఉపాధ్యాయునికి రావలసినది వేళకు రాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి రైతులును పట్టణవాసులును దీనిని పంతుళ్లకును ప్రభుత్వమునకును నడుమనున్న తగవుగా నెంచి ఊరకుండుట వాడుకయైనది. ఈ యూరకుండుటవలన నష్టపడువారు పంతుళ్లుమాత్రమే కారు.

2022 ఫిబ్రవరి 3వ తేదీన విజయవాడలో జరిగిన ప్రదర్శనమును ఈ ప్రాంతమువారు మఱచియుండరు. ముందటి దినముననే సంఘముల నాయకులలో పలువురు గృహనిర్బంధమున నుంచబడిరి. రహదారులపై సోదాలు జరిగినవి. అయినను ఉద్యోగులును ఉపాధ్యాయులును వేలకొలదిగా చేరి బి.ఆర్.టి.ఎస్. రోడ్డు నింపివేసిరి. నిత్యము పిల్లలను వరుసలో నిలుపువారు ఆనాడు పోలీసుల వరుసలను దాటిపోవలసివచ్చినది. అంత కోపము ఊరక పుట్టునది కాదు.

ఆశుతోష్ మిశ్రాగారి యధ్యక్షతను 2018లో ఏర్పడిన పదునొకండవ వేతన సవరణ సంఘము 2020లో నివేదిక నొసగి, మూలవేతనముపై నూటికి 27 వంతుల ఫిట్‌మెంటు సిఫారసు చేసెను. ప్రభుత్వము ఆ నివేదికను ఏడాదికి పైగా తనయొద్దనే యుంచుకొని, 2022 జనవరిలో 23 వంతులు ప్రకటించెను. 2019 జూలైనుండి ఉద్యోగులకు ముట్టుచుండిన మధ్యంతర భృతియే 27 వంతులు. తాత్కాలికముగా ఇచ్చినదానికన్న శాశ్వతముగా ఇచ్చినది తక్కువయగుట వేతన సవరణల చరిత్రమున వింత. సవరణ 2018 జూలై 1నుండి యమలులోనికి వచ్చినట్లు కాగితముపై వ్రాసి, ద్రవ్యలాభమునుమాత్రము 2020 ఏప్రిలునుండి లెక్కించిరి. నడుమ ఇరువదియొక్క నెలల పెంపు కాగితముమీదనే నిలిచిపోయెను.

ఇంటి అద్దె భత్యము కథ మఱింత బోధకరము. అంతకుపూర్వము తెనాలి, బాపట్లవంటి పట్టణములలో పనిచేయువారికి మూలవేతనముపై నూటికి 14.5 వంతులును, పల్లెలలోనివారికి 12 వంతులును ఉండెడిది. జనవరి యుత్తరువు అయిదు లక్షలకు లోబడిన జనసంఖ్యగల ప్రతి యూరికిని 8 వంతులే నిర్ణయించెను. తెనాలియైనను, నిజాంపట్నము తీరమందలి జాలరిపల్లెయైనను ఒక్కటే కొలత. ఆందోళన మైన పిదప ఫిబ్రవరి 5వ తేదీ రాత్రి కుదిరిన ఒప్పందములో, ఏబది వేలవరకు జనమున్న చోట 10, రెండు లక్షలవరకు 12 వంతులుగా సవరించిరి. 2011 జనాభా లెక్కలలో రేపల్లె ఏబదివేల గీతను కొంచెముగా దాటినది. ఆ కొంచెము దాటుటయే అక్కడి పంతులుగారికి రెండు వంతుల యద్దెను సంపాదించి పెట్టినది. లెక్కలు వ్రాసినవారు ఆ సంవత్సరము మఱికొన్ని వందల ఇండ్లను విడిచియుండినచో ఏమగునో ఊహించుకొనవచ్చును.

ఆ రాత్రి ఒప్పందమున మధ్యంతర భృతిని తిరిగి రాబట్టుకొను ఆలోచనను మానుకొనిరి. అయిదేండ్ల కొకమారు వేతన సవరణ యుండునని యొప్పుకొనిరి. 6వ తేదీ అర్ధరాత్రినుండి జరుగవలసిన సమ్మె ఆగిపోయెను. ఫిట్‌మెంటు కదలలేదు. ఉపాధ్యాయ సంఘములు పెక్కు తాము దీనికి సమ్మతింపలేదని వెలుపలికి వచ్చినవి. ఉద్యోగుల జనసమూహములో సంఖ్యాబలము ఉపాధ్యాయులది. ఒప్పందముపై చేవ్రాలు ఇతరులది. ఈ విరోధాభాసము నేటికిని ఆ సంఘముల నడుమ మానని పుండుగానే యున్నది.

ఇక పండ్రెండవ సవరణ సంగతి. అది 2023 జూలై 1నుండి రావలసినది. ఆ సంవత్సరమున సంఘ మొకటి నియమింపబడెను. 2024లో ప్రభుత్వము మారిన పిదప దాని యధ్యక్షులు రాజీనామా చేసిరి. 2025 దీపావళినాటికి వారి స్థానమున మఱొకరు లేరు. 2024 జనవరినుండి రావలసిన కరవు భత్యము ఒక్కటి ఆ దీపావళికి పండుగ కానుకగా ప్రకటింపబడినది. దానికి నెలకు సుమారు 160 కోట్ల రూప్యములగునని ప్రభుత్వమువారే చెప్పిరి. వెంట వెలువడిన మొదటి యుత్తరువులో పాతబకాయిలను ఉద్యోగి పదవీవిరమణ చేయునప్పుడు చెల్లింతుమని యుండెను. ముప్పది యేండ్ల పడుచు టీచరు ఆ బకాయికై మఱి ముప్పది రెండేండ్లు వేచియుండవలసినదన్నమాట. పెద్ద గగ్గోలు లేవగా దానిని సవరించిరి. ధరలు పెరిగినందున ఇచ్చునది కరవు భత్యము. అది ధరలు మఱి రెండుమారులు పెరిగినతర్వాత వచ్చినచో దానికి ఆ పేరెట్లు తగును?

మన రైతులకు నీటితీరువా సంగతి తెలియును. గడువు దాటినచో దానిపై వడ్డీ పడును. రెవిన్యూవారి చిట్టాలో పేరెక్కును. పాలకుడు పుచ్చుకొనునప్పుడు కాలమునకు వెల యున్నది, ఇచ్చునప్పుడు లేదు. ఉపాధ్యాయుని జీతమును నెలనెల ఆలస్యము చేయుటయు, భత్యమును ఏండ్లకొలది నిలిపియుంచుటయు, వడ్డీలేని అప్పును అతని నడుగకయే తీసికొనుటయే. జీతములు నెల మొదటి తేదీననే చెల్లింపవలెనని చట్టము చేయింపుడని 2023 జనవరిలో ఒక ఉద్యోగ సంఘమువారు గవర్నరునకు విన్నవించుకొనవలసి వచ్చినది. పనిచేసినవానికి కూలి నెల తిరుగగనే యిచ్చుటకు చట్టము కావలెనని యడుగు స్థితికి ఒక రాష్ట్రప్రభుత్వము వచ్చుట గొప్ప సంగతి కాదు. అంతకు కొన్ని నెలల ముందు, 2022 జూన్‌లో, సుమారు 800 కోట్ల రూప్యములు ఉద్యోగుల భవిష్యనిధి ఖాతాలనుండి తగ్గినట్లు కనబడి కలకలము రేగెను. సాంకేతిక దోషమని సమాధానము వచ్చెను.

ఈ వ్యవహారము కొత్తది కాదు. సర్ తామస్ మన్రో చెన్నపట్టణమున గవర్నరుగా నుండి 1826లో వ్రాసిన విద్యానివేదికలో, ఊరి యుపాధ్యాయులు నెలకు ఆరేడు రూప్యములకు మించి సంపాదింపలేకున్నారనియు, ఆ మాత్రమునకు యోగ్యులు ఈ వృత్తికి రారనియు స్పష్టముగా చెప్పెను. తాసీలుదారీ బడికి 9 రూప్యములు, జిల్లాబడికి 15 రూప్యములు జీతముగా ఏర్పరుప వలెనని సూచించెను. మరుసటి యేట అతడు మృతినొందెను. పథకము పది సంవత్సరములలో అంతరించెను. గుంటూరు సీమలోని మన పల్లెలలో వీథిబడి పంతులు ధాన్యపు గింజలమీదను, దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని యింటింట తిరుగగా వచ్చు దక్షిణమీదను బ్రదుకుచుండెను. పిల్లలు పూలబాణములతో పద్యములు పాడుట నేడు మనకు వేడుకగా జ్ఞాపకము వచ్చును. పంతులుగారికి అది వేడుక కాదు. సాలుకొకమారు వచ్చు జీతము. మోతుబరి యింటివారు ఉదారులైన యేట అది కొంచెమెక్కువ. పంట పోయినయేట తక్కువ.

తరువాత 1920లో మదరాసు ప్రాథమిక విద్యాచట్టము వచ్చినది, జిల్లాబోర్డులు వచ్చినవి, 1959లో పంచాయతి సమితులు వచ్చినవి, ఆపైన మండల పరిషత్తులు వచ్చినవి. యజమాని మారినప్పుడెల్ల పంతులుగారి జీతపు పట్టీ ఒక కచేరినుండి మఱొక కచేరికి పోయినది. జీతము ఇంటింట తిరిగి తెచ్చుకొనుట తప్పినది నిజమే. కాని ఖజానాకు డబ్బు కావలసినప్పుడెల్ల చౌకగా దొరకు పంతులుకొఱకు వెదకుటమాత్రము మానలేదు. 1980వ దశకమున నెలకు 398 రూప్యముల గౌరవవేతనముపై స్పెషల్ టీచర్లను నియమించిరి. 398 యను నంకెయే వారి బిరుదైనది. ఇప్పటికిని ఉపాధ్యాయులలో ఆ తరమువారిని మూడువందల తొంబదియెనిమిదివారనియే పిలుతురు. తరువాత విద్యావాలంటీర్లు, తరువాత అప్రెంటిసులు. 1998లో పరీక్ష వ్రాసి అర్హులై, నియామకము లేక నిలిచిపోయినవారి కథ వీరందఱికన్న దుఃఖకరము. ఇరువదియైదేండ్ల పిదప, 2023లో, వారిలో నాలుగువేలకు పైబడిన వారికి కనీస వేతనపు లెక్కపై కాంట్రాక్టు పని దొరకినది. అప్పటికి వారి తలలు నెరసినవి. బడిలో చేరిన కొలది యేండ్లకే, కొందఱు కొలది మాసములకే, వయసు చెల్లి యింటికి పోయిరి. వారికి పింఛను లేదు.

పింఛను మాట వచ్చినది గనుక: 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగమున చేరినవారికి పాత పింఛను లేదు, జీతములోనుండి తీసి మదుపుచేయు పద్ధతి యున్నది. దీనిని వారములో రద్దు చేయుదుమని 2019 ఎన్నికలలో వాగ్దానము వినబడెను. 2022 ఏప్రిల్ 25న ముఖ్యమంత్రి కార్యాలయపు ముట్టడికి పిలుపునిచ్చిన ఉపాధ్యాయులను ముందుగనే పట్టి నిర్బంధించిరి. 2023లో వచ్చిన చట్టము పాతదియు కాదు, క్రొత్తదియు కాదు, హామీ పింఛనట. దాని గుణదోషములు వేఱుగా చర్చింపదగినవి.

ఇంతవరకు జీతము. ఇక పని.

2022 జూన్ 10వ తేదీ 117వ ఉత్తరువు ప్రాథమిక పాఠశాలనుండి మూడు, నాలుగు, అయిదు తరగతులను విడదీసి, కిలోమీటరు లోపలనున్న ఉన్నత పాఠశాలకు చేర్చెను. సబ్జెక్టు టీచర్లు మూడవ తరగతినుండియే పాఠము చెప్పుదురుగదా యని దానికి వాదము. వాదము వినుటకు బాగుగనే యుండెను. కాని మన డెల్టాలో కిలోమీటరు అనునది పటముమీద గీచిన గీత కాదు. నడుమ కాలువ యుండును, మురుగు డ్రెయిను ఉండును, రేపల్లె, బాపట్ల ప్రక్కలనైతే లారీలు పరుగెత్తు 216వ జాతీయ రహదారి యుండును. ఎనిమిదేండ్ల బిడ్డను దానిని దాటించుటకు కూలికి పోవు తల్లి యెట్లు వచ్చును? ఆ వేసవి గడచి బడులు తెఱచినప్పుడు రాష్ట్రమున పలుచోట్ల తలిదండ్రులు బడిగేట్లకు తాళములు వేసి కూర్చుండిరి. మిగిలిన ఒకటి రెండు తరగతులకు ముప్పదిమందివరకు ఒక్కరే టీచరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము అరువదిమందివరకు ఇద్దఱిని విధించినది. ఆ యొక్కరికి జ్వరము వచ్చినచో ఆ దినము బడికి సెలవే. ఇరువురు పిల్లలున్న తల్లి పెద్దవానిని ఒక బడికి, చిన్నదానిని మఱొక బడికి పంపలేక, ఇరువురిని ప్రైవేటు బస్సెక్కించెను. ఏకోపాధ్యాయ పాఠశాలకు పిల్లలు తగ్గినారని మరుసటియేట లెక్కలు తేలినవి. తామే చెట్టు వేళ్లు నఱికి, ఆకులు రాలినవేమని యడిగినట్లున్నది.

2025 మే నెలలో 19, 20, 21వ ఉత్తరువులచే ఈ యేర్పాటు మార్చబడినది. తరగతికొక టీచరుండు ఆదర్శ ప్రాథమిక పాఠశాల లేర్పడినవి. ఇది మెచ్చదగిన మార్పు. కాని ఒక యేర్పాటును మూడేండ్లు నడపి విప్పునప్పుడు, ముందు మారినవారు మరల మారవలెను. ఆ వేసవిలోనే బదిలీలు. క్రొత్తచట్టము ప్రకారము ఎనిమిదేండ్లు నిండిన టీచరును, అయిదేండ్లు నిండిన ప్రధానోపాధ్యాయుడును స్థానము విడువవలెను. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా యేర్పడి రేపల్లెను తనలో చేర్చుకొన్నది, తెనాలి గుంటూరులోనే నిలిచినది. అయినను ఉపాధ్యాయుల సీనియారిటీ పాత గుంటూరు జిల్లాయంతటికి ఒక్కటిగనే సాగినది. అందువలన తెనాలి యాతడు పలనాటికిని, పలనాటి యామె దీవిసీమ యెదుటి లంకగ్రామమునకును పోవు అవకాశము కలదు. కంప్యూటరులో వేలకొలది గ్రామముల పేళ్లను వరుసగా కోరుకొమ్మనగా సెకండరీ గ్రేడు టీచర్లు ఎదురుతిరిగి, మనుష్యుని యెదుట కూర్చుండి కోరుకొను కౌన్సెలింగు కావలెనని జిల్లా విద్యాశాఖ కార్యాలయములయొద్ద నిరసనలు చేసిరి. ప్రభుత్వ మంగీకరించెను. ఒక్క రూపాయి ఖర్చులేని యీ కోరికకు కూడ రోడ్డెక్కవలసి వచ్చెను.

పాఠము చెప్పుట యేగాక చేయవలసిన పనుల జాబితా వ్రాసినచో ఈ పుట చాలదు. మరుగుదొడ్డి ఫొటో, మధ్యాహ్న భోజనపు ఫొటో, గ్రుడ్ల లెక్క, బూట్ల కొలతలు. 2022 ఆగస్టునుండి తన సొంత ఫోనులో తన ముఖమునే చూపి హాజరు వేసికొనవలెను. సిగ్నలు లేని తీరగ్రామమున ఆ ఫోనును పైకెత్తి పట్టుకొని చెట్టుక్రింద తిరుగుట పిల్లలకు వినోదము. 2020 మే నెలలో విశాఖపట్టణపు ప్రాంతమున మద్యపు దుకాణముల యెదుట వరుసలు సరిచేయుటకు కూడ టీచర్లనే నియోగించిరి. విద్యావంతుని సేవను ఇంతకన్న చిత్రముగా వినియోగించిన ప్రభుత్వము మఱొకటి యుండదనుకొందుము. ఈ నడుమ 2018 నోటిఫికేషను తర్వాత 2025వరకు రాష్ట్రమున సాధారణ నియామకములు లేవు. 2025లో 16,347 పోస్టులకు పరీక్ష జరిగి, సెప్టెంబరులో నియామక పత్రములు అందినవి. ఏడేండ్లు విశ్రమించినవారి పనిని ఆ యేడేండ్లు ఎవరు చేసిరో చెప్పనక్కఱలేదు.

ఇచ్చట మా పాఠకులలో పలువు రొక మాట యందురు. సీనియరు టీచరు జీతము మా పదియెకరముల మాగాణిమీద మిగులుదానికన్న హెచ్చు. వారి పిల్లలును ప్రైవేటు బడికే పోవుదురు. కొందఱు చిట్టీలు, స్థలముల బేరములు నడపుదురు. వీరికై మేమేల మాటాడవలెను? ఈ మాటలో సత్యము లేకపోలేదు. తన బిడ్డను తన బడిలో చేర్పింపని టీచరు ఊరివారి బిడ్డను చేర్పుడని యడుగుట కష్టమే. సంఘములు ఒకదానినుండి మఱొకటి చీలి, ఒకటి యొప్పుకొన్నది మఱొకటి కాదనుటయు వారికే కీడు. కాని జీతము హెచ్చా తగ్గా యన్నది వేతన సవరణ సంఘము తేల్చవలసిన ప్రశ్న. తేల్చినదానిని, ఒప్పుకొన్నదానిని చెల్లింపకుండుట వేఱు. ధాన్యము కొన్న వ్యాపారి, రైతు కలవాడుగదా యని డబ్బును రెండేండ్లు ఆపినచో మనము ఒప్పుకొందుమా?

ఆ మాట యనువారు తమ పిల్లలను పంపు ప్రైవేటు బడులలోని టీచరు సంగతినికూడ విచారింపవలెను. 1994 జనవరి 1నాటి ప్రభుత్వోత్తరువు ప్రైవేటు బడి వసూలుచేయు రుసుములో సగము సిబ్బంది జీతములకును, మఱికొంత భాగము వారి భవిష్యనిధి, గ్రాట్యుటీవంటి మేలులకును పోవలెనని నిర్ణయించినది. రుసుము కట్టుచు ఈ నిబంధనను అడిగిన తండ్రి యెక్కడనైన నున్నాడా? 2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మిరి, ఉపాధిపనికి పోయిరి. వారికి వేతన సవరణ సంఘము లేదు, కరవు భత్యము లేదు, విజయవాడకు పోవుటకు సంఘబలము లేదు. ప్రభుత్వపు టీచరు జీతము ఆగినప్పుడెల్ల వీరి జీతమునకు ఆధారమైన కొలతయే క్రుంగుచున్నది. ప్రభుత్వమే యియ్యనప్పుడు మమ్మేల యడిగెదరని యజమాని యనును.

కావూరున పుట్టిన తుమ్మల సీతారామమూర్తిగారు గుంటూరు జిల్లా ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. తెలుగు పండితుని జీతము ఇంగ్లీషు చెప్పు అసిస్టెంటు జీతముకన్న తక్కువగా నుండుట ఆ కాలపు నీతి. పదవ తరగతికి పాఠము చెప్పు పండితునికి ప్రాథమిక బడి టీచరు స్కేలునే యిచ్చు నన్యాయము ఈ శతాబ్దములోనికి కూడ దిగివచ్చినది. పెద్దకవుల జయంతులు జరుపు ఊరివారు వారి జీతపు పట్టీలను చూచియుండరు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట తలిదండ్రుల, ఉపాధ్యాయుల మహాసమావేశములు జరిగినప్పుడు ముఖ్యమంత్రిగారు బాపట్ల మునిసిపల్ ఉన్నత పాఠశాలకే వచ్చి పిల్లల తలిదండ్రులతో మాటాడిరి. అట్టి సమావేశములు మంచివి. ఆ యేడాది ఆగస్టులో ఎన్నికైన పాఠశాల యాజమాన్య సంఘములలో రైతులును, వ్యాపారులును, కూలివారును ఉన్నారు. ఇకమీదట ఎచ్చట సమావేశము జరిగినను వారు అడుగవలసిన ప్రశ్నలు మూడు నాలుగే: ఈ బడికి మంజూరైన టీచర్లెందఱు, ఉన్నవారెందఱు, ఖాళీ ఏనాటినుండి యున్నది, టీచరు సెలవు పెట్టిన దినమున ఎవరు వచ్చెదరు. ఆ వెంటనే, 2023 జూలై 1నుండి రావలసిన సవరణకు తేదీ యేదని, అంతవరకు మధ్యంతర భృతి యెంతయని, ఆగిన భత్యములకు వడ్డీ కలుపుదురా లేదా యని కూడ అడుగవచ్చును. సమాధానము చెప్పవలసినవారు ఆ సభలోనే, ముందు వరుసలోనే కూర్చుండియుందురు.